ఎత్తైన కొండల మీద ప్రకృతి పరిశీలన శిబిరం ఎలా నిర్వహించుకోవాలి?

ఎత్తైన కొండ ప్రాంతంలో శిబిరం వేసుకుని అక్కడి జంతువులనూ మొక్కలనూ పరిశీలించాలనుకునే ప్రకృతి క్లబ్బుల సభ్యులు దాదాపు ఒకే వరుసలో ప్రశ్నలు అడుగుతుంటారు. ఎంత ఎత్తుకు వెళ్లాలి, ఎన్ని రాత్రులు ఉండాలి, ఏ బైనాక్యులర్స్ కొనాలి అని మొదలుపెట్టి, చివరికి ‘తిరిగి వచ్చాక ఈ ఫొటోలన్నిటినీ ఏం చేయాలి’ అన్న దగ్గర ఆగుతారు. నిజానికి ఆ చివరి ప్రశ్నే మొదట అడగవలసినది. శిబిరం నుంచి ఏ సమాచారం తీసుకురావాలో ముందే తేల్చుకున్న బృందం ఒక్క వాలు మీద రెండు రోజులు గడిపినా పనికొచ్చే నమోదులతో దిగివస్తుంది. తేల్చుకోని బృందం మూడు శిఖరాలు ఎక్కి వచ్చినా ఏది ఎక్కడ చూసిందో చెప్పలేకపోతుంది.

కింది వివరాలు ఎనిమిది నుంచి పన్నెండు మంది సభ్యులు, మూడు రాత్రులు, 1,500 నుంచి 3,500 మీటర్ల మధ్య ఎత్తు అన్న లెక్కతో రాసినవి. అంతకు మించిన ఎత్తుకు గాని, మంచు గడ్డకట్టిన వాలులకు గాని వెళ్లదలచినవారు అనుభవం ఉన్న పర్వతారోహకులు తోడు లేకుండా బయలుదేరకూడదు.

కావలసినవి

ఒంటికి: పలుచని దుస్తులు రెండు మూడు పొరలు, వాటి మీద గాలినీ వాననూ ఆపే జాకెట్, ఉన్ని టోపీ, చేతి తొడుగులు, అదనంగా రెండు జతల సాక్సు, ఇప్పటికే వాడి పాదానికి అలవాటు పడిన బూట్లు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. అంటే మీరు బయలుదేరిన చోటికన్నా 2,000 మీటర్లు పైన ఉన్న శిబిరంలో పగలే 13 డిగ్రీలు తక్కువ ఉంటుంది, గాలి వీస్తే చలి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మంచిదైనా కింద పరిచే చాప పలుచనిదైతే నేల చల్లదనం ఒంటికి పాకుతుంది కాబట్టి ఆ చాప విషయంలో పొదుపు చేయవద్దు. పైకి వెళ్లే కొద్దీ అతినీలలోహిత కిరణాలు కూడా ప్రతి 1,000 మీటర్లకు సుమారు పది శాతం పెరుగుతాయి. మబ్బు పట్టిన రోజైనా సన్‌స్క్రీన్, చలువ కళ్లద్దాలు వాడాలి.

పరిశీలనకు: 8×42 (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, ముందు కటకం 42 మిల్లీమీటర్లు ఉన్న) బైనాక్యులర్స్ ఇద్దరికి ఒకటైనా చాలు. 10 రెట్లు పెద్దదిగా చూపే చిన్న హ్యాండ్ లెన్స్ మాత్రం ప్రతి ఒక్కరి మెడలో ఉండాలి. నోటుపుస్తకం, పెన్సిళ్లు, కొలత టేపు, నాలుగు మీటర్ల తాడు, నాలుగు చిన్న మేకులు, ఎర్ర కాంతి ఇచ్చే హెడ్‌ల్యాంప్, దిక్సూచి, ఆ ప్రాంతపు కాగితపు పటం, గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే వాయుభార ఆల్టిమీటర్ లేదా అది ఉన్న చేతిగడియారం తీసుకోండి. పెన్ను వద్దు, వాన చుక్క పడితే సిరా చెదిరిపోతుంది.

బృందానికి: ప్రథమ చికిత్స పెట్టె, పొయ్యి, నీరు మరిగించే గిన్నె, మూత గట్టిగా పడే ఆహారపు డబ్బాలు, చిన్న పార, చెత్తను కిందకి తెచ్చే సంచులు, తెల్లని దుప్పటి ఒకటి. దుప్పటి ఎందుకో ఎనిమిదో మెట్టులో తెలుస్తుంది.

1. ఒక ప్రశ్ననూ ఒక వాలునూ ఎంచుకోండి

‘కనిపించినవన్నీ చూద్దాం’ అన్నది ప్రశ్న కాదు. ఈ వాలులో చెట్లు ఏ ఎత్తు దగ్గర ఆగిపోతున్నాయి, అక్కడి నుంచి పైకి ఏ పూల మొక్కలు ఉన్నాయి. తెల్లవారుజామున ఈ లోయలో ఏ పక్షులు కూస్తున్నాయి. ఈ వాగు ఒడ్డున ఏ జంతువుల అడుగుజాడలు పడుతున్నాయి - ఇటువంటివి ప్రశ్నలు. ఒకటి చాలు. సభ్యులు ఎక్కువగా ఉంటే రెండు జట్లుగా విడిపోయి, ఒకే కొండకు ఎదురెదురుగా ఉన్న రెండు వాలులను ఒకే ఎత్తులో పోల్చవచ్చు. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు తిరిగిన వాలుకూ, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపు తిరిగిన వాలుకూ ఎండ ఎక్కువగా తగులుతుంది. అందువల్ల నేల తేమ మారుతుంది, దానితో పాటు మొక్కలూ మారతాయి. కొత్త క్లబ్బు మొదటి శిబిరానికి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తోచదు, ఎందుకంటే జవాబు రెండో రోజుకే కళ్లకు కనిపిస్తుంది.

2. అనుమతులు తీసుకోండి, కాలం చూసుకోండి

ఆ భూమి ఎవరి అధీనంలో ఉందో తెలుసుకుని, వారి నుంచి రాతపూర్వకమైన అనుమతి తీసుకోండి. రాత్రి బస, మంట, దీపానికి కీటకాలను రప్పించడం, కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా వస్తే తనంతట తానే ఫొటో తీసే కెమెరా), డ్రోన్, నమూనాల సేకరణ - వీటిలో మీకు అవసరమైన ప్రతిదాన్నీ విడివిడిగా పేర్కొనాలి, ఎందుకంటే చాలా చోట్ల బసకు ఇచ్చిన అనుమతి మిగిలినవాటికి వర్తించదు. డ్రోన్ మాటే ఎత్తకపోవడం మేలని నా అభిప్రాయం. గద్దలూ గూడు కట్టుకున్న ఇతర పక్షులూ దానికి బెదురుతాయి.

పూల కోసమైతే వేసవి నడిమి రోజులు, పక్షుల కూతల కోసమైతే గూళ్లు కట్టే కాలపు ఆరంభం, అడుగుజాడల కోసమైతే వాన వెలిసిన మరునాడు లేదా పలుచగా మంచు పడిన ఉదయం అనుకూలం. మూడూ ఒకే శిబిరంలో కుదరాలని పట్టుబట్టకండి.

3. శరీరాన్ని ఎత్తుకు అలవాటు పడనివ్వండి

సాధారణంగా 2,500 మీటర్లు దాటాక పర్వత అస్వస్థత కలిగే అవకాశం ఉంటుంది. తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, అలసట, నిద్ర పట్టకపోవడం దాని లక్షణాలు; పైకి చేరిన వెంటనే కాక, చాలాసార్లు ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత బయటపడతాయి. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. పగలు అంతకన్నా పైకి వెళ్లి రావచ్చు, పడక మాత్రం కిందే.

హెచ్చరిక: తలనొప్పి ఉన్నవారు ఆ రోజు ఇంకా పైకి ఎక్కకూడదు. కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, మడమకు బొటనవేలు ఆనించి తిన్నగా నడవలేకపోతున్నా, మాట తడబడుతున్నా తెల్లవారే దాకా ఆగవద్దు. ఆ మనిషిని వెంటనే, తోడు ఇచ్చి, కిందకి దించి వైద్య సాయం అందించాలి. ‘అందరి ఉత్సాహమూ చెడుతుందేమో’ అని తలనొప్పిని దాచుకోవడం ఇటువంటి శిబిరాలలో తరచూ జరిగే పొరపాటు. అందుకే పొద్దున, సాయంత్రం నాయకుడే ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగాలి.

తాగునీటిని తెర్లు వచ్చాక ఒక నిమిషం పాటు, 2,000 మీటర్లకు పైన ఉన్నప్పుడు మూడు నిమిషాల పాటు మరగనివ్వండి. పైకి వెళ్లే కొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది కనుక ఆ అదనపు సమయం అవసరం.

4. గుడారాలకు చోటు చూసుకోండి

వెలుతురు ఉండగానే, చీకటి పడటానికి కనీసం రెండు గంటల ముందు చోటు ఖాయం చేయండి. లోయ అడుగున చదునైన నేల చూడగానే మనసు అక్కడికే పోతుంది. అయితే గాలి లేని రాత్రి చల్లని గాలి బరువెక్కి వాలు వెంట జారి అక్కడే పేరుకుంటుంది; తెల్లవారేసరికి గుడారాలు తడిసి ముద్దవుతాయి. లోయ అడుగు నుంచి కొద్దిగా పైకి, గాలి తాకిడి లేని చిన్న మెట్టు దొరికితే అది ఎంచుకోండి. శిఖరపు అంచు, ఒంటరి చెట్టు కింద, ఎండిన వాగు, ఎండిపోయిన కొమ్మలు వేలాడే చెట్టు నీడ, జంతువులు నీటికి వెళ్లే దారి - ఇవి ఏవీ పనికిరావు.

నీటి వనరుకు గుడారాలు కనీసం 60 మీటర్ల దూరంలో ఉండాలి. మరుగుదొడ్డి గొయ్యి కూడా అంతే దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున తీయాలి. నేల రాతిదైతే గొయ్యి తీయలేరు కాబట్టి మలాన్ని మూసిన సంచుల్లో కిందకి తెచ్చుకోవడం ఒక్కటే మార్గం. ఆహారం, టూత్‌పేస్టు, సబ్బు వంటి వాసన వచ్చే వస్తువులను పడుకునే గుడారంలో ఉంచకండి.

ఇంకొక మాట. దిండులా గుండ్రంగా నేలకు అతుక్కుని పెరిగే ఎత్తు ప్రాంతపు మొక్కలు చాలా నెమ్మదిగా పెరుగుతాయి; అరచేయి వెడల్పున్న గుబురుకు కూడా ఎన్నో ఏళ్ల వయసు ఉండవచ్చు. దాని మీద గుడారపు మేకు దిగకూడదు, బూటు పడకూడదు. రాయి మీదో, ఎండుగడ్డి మీదో, ముందే తొక్కి ఉన్న నేల మీదో గుడారం వేయండి.

5. రోజును పంచుకోండి

తెల్లవారడానికి అరగంట ముందు నుంచి ఎండ ఎక్కే దాకా పక్షులకు. ఎండ బాగా తగిలాక సీతాకోకచిలుకలకు, బల్లులకు, పూలకు. పొద్దు వాలాక మేతకు వచ్చే జంతువులకు. చీకటి పడ్డాక చిమ్మటలకు, కప్పలకు సమయం కేటాయించండి. పర్వతాల మీద మబ్బులు మధ్యాహ్నం తరువాత కమ్ముకోవడం సాధారణం కనుక ఎత్తైన చోట్ల పని ఉదయమే ముగించి, ఎక్కడున్నా సరే వెనుదిరగవలసిన గంటను ముందే నిర్ణయించుకోండి.

హెచ్చరిక: మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే పిడుగు ప్రమాదం మీ దగ్గరే ఉందని అర్థం. శిఖరం, గట్టు విడిచి కిందకి దిగండి. చివరి ఉరుము వినిపించిన తరువాత 30 నిమిషాలు గడిచే దాకా తిరిగి పైకి వెళ్లకండి. గుడారం పిడుగు నుంచి కాపాడదు.

6. మొక్కలను ఎత్తు వారీగా నమోదు చేయండి

ఎంచుకున్న వాలు మీద ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఒక చోట ఆగండి. తాడుతో, మేకులతో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న చదరాన్ని నేల మీద ఏర్పరచి, అందులో ఉన్న ప్రతి రకాన్నీ, అది చదరంలో ఎంత భాగం పరచుకుందో రాయండి. చదరం ఎక్కడ పరచాలన్నది ముందే ఒక నియమంగా పెట్టుకోవాలి. ఉదాహరణకు దారికి ఎడమ వైపు పది అడుగులు వేసి ఆగిన చోట అని. అలా కాకుండా అందమైన పూలు ఉన్న చోటును వెతికి పరిస్తే ఆ కొండంతా పూలమయమని మీ పట్టిక అబద్ధం చెబుతుంది.

ఒక మొక్కకు ఒక ఫొటో చాలదు. మొత్తం మొక్క, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం, ఆకు కాండానికి కలిసే చోటు, పువ్వు ముందు నుంచి, పువ్వు పక్క నుంచి, కాయ ఉంటే కాయ, పక్కన కొలబద్ద. పువ్వును పక్క నుంచి తీయడం చాలామంది మరచిపోతారు. ఒకే రంగు రేకులున్న రెండు రకాలను వేరు చేసే రక్షక పత్రాలు అక్కడే కనిపిస్తాయి.

దిండు ఆకారపు మొక్క ఒకటి దొరికితే మోకాళ్ల మీద కూర్చుని, లెన్స్‌ను కంటికి ఆనించి, ముఖాన్నే మొక్క దగ్గరికి తీసుకెళ్లండి. లెన్స్‌ను మొక్క దగ్గర పట్టుకుని దూరం నుంచి చూడటం కొత్తవారు చేసే తప్పు. సూదిమొన అంత ఆకులు వరుసలుగా అమరి ఉండటం, వాటి అంచున తెల్లని నూగు, సందుల్లో చిక్కుకున్న మట్టి, ఆ మట్టిలో మొలిచిన వేరొక జాతి మొలక, ఒకటో రెండో చిన్న పురుగులు కనిపిస్తాయి. థర్మామీటర్ ఉంటే ఎండ కాస్తున్నప్పుడు గుబురు ఉపరితలాన్నీ, మోకాలి ఎత్తు గాలినీ కొలిచి చూడండి. గుబురే వెచ్చగా ఉండటం చూశాక, గాలి వీచే చోట ఆ మొక్కలు అంత పొట్టిగా ఎందుకు పెరుగుతాయో వేరే వివరించనక్కరలేదు.

అనుమతి ఉన్నా సరే, ఒక చోట ఒకటో రెండో మాత్రమే ఉన్న మొక్కను పెరకకండి.

7. జంతువుల కోసం నడవడం మాని కూర్చోండి

ఒక చోట గాలికి ఎదురుగా, వెనుక బండో పొదో ఉండేలా కూర్చుని, కనీసం 40 నిమిషాలు కదలకుండా ఉండండి. మొదటి పావుగంట ఏమీ కనిపించకపోవచ్చు. మార్మట్‌లు, పికాలు వంటి చిన్న జంతువులు మిమ్మల్ని చూసి హెచ్చరిక కూత వేసి బొరియల్లోకి, రాళ్ల సందుల్లోకి దూరి ఉంటాయి. అవి తిరిగి బయటకు వచ్చి మేత మొదలుపెట్టిన తరువాతే మీ పరిశీలన మొదలైనట్టు. ఆ హెచ్చరిక కూతలు తరువాత మీకూ ఉపయోగపడతాయి. మీరు కదలకుండా ఉండగా అవి ఒక్కసారిగా మోగితే ఆకాశంలో గద్దను గాని, వాలు మీద వేటజంతువును గాని వెతకండి.

దూరం ఎంత ఉండాలన్నదానికి ఆ ప్రాంతపు నిబంధనే ప్రమాణం. నిబంధన ఏదైనా, జంతువు మేత ఆపి మీ వైపే చూస్తున్నా, చెవులు నిక్కించినా, లేచి నిలబడినా మీరు మరీ దగ్గరగా ఉన్నట్టే. వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కు వెళ్లండి. పక్షులను రప్పించడానికి ఫోనులో వాటి కూతలు వినిపించకండి. గూడు కట్టే కాలంలో లేని ప్రత్యర్థితో పోట్లాడటానికి అవి మేత మానుకుంటాయి.

జంతువు కనిపించకపోయినా ఆనవాళ్లు ఉంటాయి. అడుగుజాడ పొడవు, వెడల్పు, ఒక అడుగుకూ తరువాతి అడుగుకూ మధ్య దూరం కొలవండి. పెంటికలను తాకకుండా, పక్కన కొలబద్ద పెట్టి, నేరుగా పైనుంచి ఫొటో తీయండి. కప్పలను చేతితో పట్టుకోవద్దు. చేతికి ఉన్న సన్‌స్క్రీన్, దోమల మందు వాటి చర్మానికి హాని చేస్తాయి. అనేక దేశాల్లో కప్పల సంఖ్యను తగ్గించిన కైట్రిడ్ శిలీంధ్రం తడి బూట్ల ద్వారా కూడా ఒక వాగు నుంచి మరొక వాగుకు చేరగలదు కాబట్టి, కొత్త లోయలోకి అడుగుపెట్టే ముందు బూట్లకు అంటిన బురదనూ గింజలనూ బ్రష్‌తో తొలగించి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

8. రాత్రి దుప్పటి కట్టండి

అనుమతి ఉంటే, గాలి లేని చోట రెండు కర్రల మధ్య తెల్లని దుప్పటి కట్టి, ముందు ఒక దీపం పెట్టండి. వెన్నెల లేని, మబ్బు పట్టిన, కాస్త వెచ్చని రాత్రి చిమ్మటలు ఎక్కువగా వాలతాయి. చలి బాగా ముదిరిన రాత్రి దాదాపు ఏమీ రావు, అప్పుడు దీపం ఆర్పి పడుకోవడమే మంచిది. రెండు గంటలకు మించి ఉంచకండి. పని అయ్యాక దుప్పటిని మెల్లగా దులిపి విప్పేయాలి, లేకపోతే తెల్లవారగానే పక్షులు వచ్చి దాని మీద వాలినవాటన్నిటినీ ఏరుకు తింటాయి.

దీపానికి దూరంగా నడిచేటప్పుడు ఎర్ర కాంతి వాడండి. కళ్లు చీకటికి బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క సభ్యుడు తెల్లని టార్చి వేస్తే అందరికీ ఆ సమయం మళ్లీ మొదటి నుంచి లెక్క.

9. చూసిన చోటనే రాయండి

మొత్తం శిబిరంలో ఎక్కువ శ్రద్ధ అవసరమైన పని ఇదే. ఒక నమోదులో తేదీ, సమయం, చోటు, ఎత్తు, వాలు ముఖం, వాతావరణం, ఏం కనిపించింది, ఎన్ని, ఏం చేస్తోంది, ఎంత దూరం నుంచి చూశారు, నిర్ధారణ ఎంత గట్టిది, ఫొటోల సంఖ్యలు ఉండాలి. ఈ నమూనా చూడండి:

‘14వ తేదీ, ఉదయం 6:40. శిబిరానికి పైనున్న వాగు మలుపు, 2,310 మీటర్లు, ఈశాన్య ముఖ వాలు. పొగమంచు, గాలి లేదు. నల్లని తల, తోకకు తెల్లని అంచులు ఉన్న చిన్న పక్షులు 2. పొద దిగువ కొమ్మల మీద పురుగులు ఏరుకుంటున్నాయి. దూరం 15 మీటర్లు. పేరు తెలియదు. ఫొటోలు 412-419.’

పేరు తెలియకపోయినా ఇది మంచి నమోదు. పేరు ఉండి చోటు లేని నమోదు దీనికన్నా తక్కువ విలువైనది. ప్రకృతి శాస్త్రవేత్తలు అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్, బోన్‌ప్లాండ్ 1802లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో పరిశీలించిన మొక్కలను ఎత్తుల వారీగా చూపే ప్రసిద్ధ చిత్రం 1807లో వెలువడింది. 2012లో పరిశోధకులు ఆ చిత్రంలో ఉన్న చింబొరాసో పర్వతం మీద తిరిగి సర్వే చేసి, ఆ చిత్రంతో పోల్చి, మొక్కలు 500 మీటర్లకు పైగా పైకి జరిగాయని 2015లో ప్రకటించారు. 2019లో మరొక బృందం పాత రాతలనూ నమూనాలనూ తిరగేసి చూస్తే, చెట్ల సరిహద్దుకు పైనున్న మొక్కల సమాచారంలో ఎక్కువ భాగం చింబొరాసోది కాదనీ, ఆంటిసానా అనే మరొక పర్వతానిదనీ తేలింది. పైకి జరిగిన దూరం అంచనా దాదాపు సగానికి పడిపోయింది. మీ క్లబ్బు నోటుపుస్తకాన్ని తరువాత ఎవరు, ఎందుకు తెరుస్తారో మీకు తెలియదు. నిలబడిన చోటు రాయండి.

ఫోనులోని జీపీఎస్ అడ్డంగా చూపే స్థానం కన్నా నిలువుగా చూపే ఎత్తులో ఎక్కువ తప్పు ఉంటుంది. వాయుభార ఆల్టిమీటర్ మెరుగైనదే, కానీ వాతావరణం మారితే అదీ మారుతుంది కాబట్టి పటంలో ఎత్తు తెలిసిన చోట రోజూ సరిచేసుకోండి. శిబిరం కదలకుండానే రాత్రికి రాత్రి 30 మీటర్లు ‘పైకి ఎక్కినట్టు’ ఆల్టిమీటర్ చూపితే గాలి పీడనం తగ్గిందని అర్థం. ఆ రోజు వాన గేర్ సంచి పైభాగంలో పెట్టుకోండి.

చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి. రాత్రి వాటిని స్లీపింగ్ బ్యాగ్ లోపల పెట్టుకుని పడుకోండి.

10. ఆ రోజు పట్టికను ఆ రోజే సరిచూడండి

సాయంత్రం అందరూ కూర్చుని నోటుపుస్తకాలు చదవండి. కెమెరా గడియారాలన్నీ ఒకే సమయం చూపుతున్నాయా అన్నది మొదట చూడాలి. గుర్తింపు యాప్ చెప్పిన పేరును సూచనగా మాత్రమే రాసుకుని, ఆకు, పువ్వు, రెక్క చారల వంటి లక్షణాలు ఫీల్డ్ గైడ్‌తో కలిసినప్పుడే నిర్ధారణగా మార్చండి. జాతి తేలకపోతే ప్రజాతి (దగ్గరి సంబంధం ఉన్న జాతుల సమూహం) దగ్గరే ఆగడం చేతకానితనం కాదు.

11. కిందకి దిగాక

వారం లోపల నమోదులను ఈబర్డ్ (పక్షులకు), ఐనేచురలిస్ట్ (అన్ని జీవులకు) వంటి, ఎవరైనా తాము చూసినవి నమోదు చేయగల వెబ్‌సైట్లలో చేర్చండి. ఈబర్డ్‌లో గుర్తించగలిగిన పక్షులన్నిటితో కూడిన పూర్తి జాబితా ఇస్తే, కనిపించని పక్షుల గురించి కూడా అది సమాచారమవుతుంది. అరుదైనవాటినే ఏరి రాస్తే ఆ లాభం పోతుంది. అరుదైన ఆర్కిడ్, గద్ద గూడు, వేటగాళ్ల కన్ను పడే జంతువు అయితే కచ్చితమైన స్థానం బయటకు కనిపించకుండా మరుగుపరచండి, ఫొటోలలో దాగిన జీపీఎస్ వివరాన్ని కూడా తీసేయండి. కచ్చితమైన స్థానంతో కూడిన ప్రతిని అనుమతి ఇచ్చిన అధికారులకు మాత్రమే పంపండి.

ఫలితం నమ్మదగినదేనా అని చూసుకోవడం

మూడు పరీక్షలు చాలు. మొదటిది: ఒకే చదరాన్ని ఇద్దరు ఒకరి పుస్తకం ఒకరు చూడకుండా నమోదు చేసి, తరువాత పోల్చండి. రకాల సంఖ్య బాగా తేడా వస్తే ఎవరో గడ్డినీ నాచునూ వదిలేశారని అనుమానించండి. సాధారణంగా వదిలేసేవి అవే. రెండోది: గంట గంటకూ కొత్త జాతులు చేరగా పెరిగే మొత్తం సంఖ్యను గీత గీయండి. చివరి రోజు కూడా గీత నిటారుగానే లేస్తుంటే మీ జాబితా ఇంకా అసంపూర్ణమని, అందులో లేని జాతి ఆ కొండ మీద లేదని అనకూడదని అర్థం. మూడోది: శిబిరానికి రాని సభ్యుడికి మీ నోటుపుస్తకంలో ఏదో ఒక నమోదు ఇచ్చి, పటం మీద ఆ చోటును చూపమనండి. అతను దాదాపు సరిగ్గా చూపగలిగితే నమోదు బాగున్నట్టే. చూపలేకపోతే, జ్ఞాపకం ఇంకా చెదరకముందే, ఆ పుటలు రాసినవారిని పిలిచి ఖాళీలు నింపించండి. అలా తరువాత చేర్చిన ప్రతి మాటనూ వేరే రంగు పెన్సిల్‌తో, చేర్చిన తేదీతో రాయించండి.